గుండె పరీక్షలు: ముందు ముప్పు లెక్క, తర్వాతే మిషన్

"పరీక్షలన్నీ చేయించిన, అన్నీ నార్మలే" అని ధీమాగా చెప్పేవాళ్లు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కనిపిస్తారు. ఏమేం చేయించారని అడిగితే ఈసీజీ, టూడీ ఎకో, ఒక కొలెస్ట్రాల్ రిపోర్టు. ఈ మూడూ నార్మల్‌గా ఉన్న మనిషి గుండె రక్తనాళంలో 60 శాతం పూడిక ఉండొచ్చు. ఇందులో పరీక్షల తప్పేమీ లేదు, వాటిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈసీజీ మీరు పడుకున్న ఆ కొన్ని సెకన్లలో గుండె కరెంటు ఎలా నడిచిందో చెబుతుంది. ఎకో గుండె కండరం, కవాటాల పనితీరు చెబుతుంది. రక్తనాళం లోపల ఏముందో రెండింటికీ కనపడదు.

అందుకే మిషన్ దగ్గరికి పోయే ముందు మీ ముప్పు ఎంతో లెక్క వేసుకోవాలి. ఏ పరీక్ష కావాలి, వచ్చిన రిపోర్టును ఎంత నమ్మాలి అన్నది ఆ లెక్కే తేలుస్తుంది.

మొదటి పని: ముప్పు లెక్క

దీనికి పైసా ఖర్చు లేదు. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: వయసు, బీపీ, షుగర్ ఉందా లేదా, పొగాకు, నడుము కొలత, కుటుంబ చరిత్ర.

బీపీ చూపించుకునే ముందు ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రెండుసార్లు కొలిపించి రెండూ రాసుకోండి. బస్సు దిగి పరుగున వచ్చి చేయి చాపితే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు. పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే కాదు. "సిగరెట్ తాగను సార్" అనే మనిషి జేబులో బీడీ కట్ట ఉంటుంది. బీడీ, జర్దా, గుట్కా అన్నీ లెక్కలోకి వస్తాయి. నడుమును బొడ్డు దగ్గర, పొట్ట లోపలికి పీల్చకుండా కొలవండి. మన దేశపు వాళ్లకు మగవాళ్లయితే 90, ఆడవాళ్లయితే 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మొదలైనట్టే. కుటుంబ చరిత్ర అంటే అమ్మానాన్నలు, తోబుట్టువుల్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెపోటు రావడం. ఎనభై ఏళ్లకు పోయిన తాత ఈ లెక్కలోకి రాడు.

వయసు 40 నుంచి 74 మధ్య ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన చార్టులు ఉన్నాయి. వాటిలో దక్షిణాసియా చార్టే చూడాలి. కొలెస్ట్రాల్ రిపోర్టు లేకున్నా బరువు, ఎత్తుతో లెక్కకట్టే చార్టు కూడా ఉంది. వచ్చే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంత శాతమో అది చెబుతుంది. మీ ఊరి పీహెచ్‌సీ డాక్టరును అడిగితే రెండు నిమిషాల పని. అమెరికా వాళ్ల లెక్కలు వేసే యాప్‌లు మనవాళ్ల ముప్పును తక్కువ చేసి చూపిస్తాయి.

కొందరికి చార్టుతో పనే లేదు. ఇప్పటికే గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, స్టెంట్ పడినవాళ్లు నేరుగా అతి ఎక్కువ ముప్పు జాబితాలోకే పోతారు. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 190 దాటినవాళ్లకు కూడా చార్టు వర్తించదు. అది చాలావరకు పుట్టుకతో వచ్చే జబ్బు కావచ్చు కాబట్టి పిల్లలకూ పరీక్ష చేయించాలి. మేనరికాలు జరిగే ఇళ్లలో దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ లోపం వచ్చిన పిల్లలకు ఎల్‌డీఎల్ 400, 500 దాకా ఉంటుంది. మోచేతులు, మోకాళ్లు, మడమ వెనుక నరం మీద పసుపు పచ్చని గడ్డలు లేస్తాయి. చర్మానికి మందు రాయించుకుంటూ ఏళ్లు గడిపితే ఇరవై ఏళ్లు నిండకముందే గుండెపోటు రావచ్చు.

రెండో పని: లిపిడ్ (రక్తంలో కొవ్వుల) టెస్టుకు రక్తం ఇవ్వడం

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మొదటి పరీక్ష 18 ఏళ్లకే చేయించాలి. పరగడుపున ఉండడం తప్పనిసరి కాదు. ఏమైనా తిన్నాక ఇచ్చిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 400 దాటితే మాత్రం, 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఇంకోసారి ఇవ్వండి. ఆ సమయంలో మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు పరగడుపున పోతే రక్తం ఇచ్చి, తిన్నాకే మందు వేసుకోవాలి. ముందే వేసుకుని క్యూలో నిలబడితే షుగర్ పడిపోయి అక్కడే కూలబడతారు.

అంకెలను చెడగొట్టేవి వేరే ఉన్నాయి:

- కల్లు, సారా, బ్రాందీ ఏదైనా ట్రైగ్లిజరైడ్లను ఎగదోస్తాయి. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి మానండి. "కల్లు చెట్టుది, ఏం కాదు" అనే మాట ల్యాబ్ మిషన్‌కు తెలియదు.
- జ్వరం, ఆపరేషన్, ఆస్పత్రిలో చేరడం. వీటి తర్వాత కొలెస్ట్రాల్ తగ్గి కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి ఇవ్వండి. గుండెపోటు వచ్చిన 24 గంటల్లోపు తీసిన రక్తం పర్వాలేదు. ఆ తర్వాత కొన్ని వారాల దాకా వచ్చే అంకెలు అసలు కంటే తక్కువ.
- థైరాయిడ్ తక్కువగా ఉంటే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. కొత్తగా ఎల్‌డీఎల్ ఎక్కువ వచ్చిన ప్రతి ఒక్కరూ టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోవాలి. గర్భిణుల్లో కొలెస్ట్రాల్ సహజంగానే పెరుగుతుంది, అప్పుడు పరీక్ష పెట్టుకోవద్దు.
- చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం దొరకక నిమిషాల తరబడి వెతికితే రక్తం చిక్కబడి అంకెలు పెరుగుతాయి. నిమిషం దాటితే విప్పి ఇంకో చేతికి కట్టమనండి. రక్తం ఇచ్చే ముందు కొంతసేపు కూర్చోండి.

దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఇచ్చిన శాంపిల్ హైదరాబాద్ పోతే పాడవుతుందా అని చాలామందికి అనుమానం. రక్తాన్ని సమయానికి తిప్పి సీరం వేరు చేసి చల్లగా పంపితే కొలెస్ట్రాల్‌కు ఏమీ కాదు. షుగర్‌తోనే జాగ్రత్త. బూడిద రంగు మూత ట్యూబులో తీయకపోతే గంట గంటకూ అంకె పడిపోతుంది. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ల్యాబులైన టీ-డయాగ్నస్టిక్స్ హబ్‌లకు పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లు ఉచితంగా పోతాయి. ప్రైవేటులో చేయించుకుంటే ల్యాబుల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందేమో చూడండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు పోవడం మేలు.

ఇంత జాగ్రత్త పడ్డా ఒకే మనిషి ఎల్‌డీఎల్ రెండు వారాల తేడాతో 5 నుంచి 10 శాతం అటూఇటూ అవుతుంది. ట్రైగ్లిజరైడ్లయితే 20 శాతం పైనే మారొచ్చు. ఎల్‌డీఎల్ 128 నుంచి 121కి దిగిందని మెంతుల పొడికి దండం పెట్టక్కర్లేదు.

మూడో పని: రిపోర్టు చదవడం

రిపోర్టులో కుడివైపు అచ్చువేసిన నార్మల్ హద్దులు అందరికీ ఒకటే. మీ హద్దు మీ ముప్పును బట్టి ఉంటుంది. ముప్పు తక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, ఎక్కువున్నవాళ్లకు 70 లోపు, స్టెంట్ పడిన వాళ్లలాంటి అతి ఎక్కువ ముప్పువాళ్లకు 55 లోపు ఉండాలి. స్టెంట్ ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 95 వస్తే ల్యాబ్ కాగితం మీద ఏ గుర్తూ ఉండదు. అది చూసి మందు ఆపేసేవాళ్లున్నారు. నిజానికి అతని మందు పెంచాల్సిన సమయమది.

చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను కొలవవు, లెక్కకడతాయి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేస్తాయి. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క ఎల్‌డీఎల్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. 400 దాటితే ఇక లెక్కే చెల్లదు, నేరుగా కొలవాలి. మనవాళ్లలో ఎక్కువగా కనిపించే తీరు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. కాబట్టి ఈ తప్పు తగిలేది కూడా మనకే ఎక్కువ.

ఉదాహరణకు మొత్తం 210, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 310 అనుకోండి. ఐదో వంతు 62. లెక్క ప్రకారం ఎల్‌డీఎల్ 114. చూస్తే కొంచెమే ఎక్కువ అనిపిస్తుంది. ఇప్పుడు మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేయండి: 176. దీన్నే నాన్-హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల గోడల్లో చేరే కొవ్వు రేణువులన్నీ ఇందులోకి వస్తాయి, పరగడుపుతో పనిలేదు, ట్రైగ్లిజరైడ్లు దీన్ని తప్పుదోవ పట్టించవు. దీని హద్దులు ఎల్‌డీఎల్ హద్దుకు 30 కలిపితే వస్తాయి: 130, 100, 85. పై మనిషి తక్కువ ముప్పు హద్దునే 46 దాటాడు. రిపోర్టులో ఒక్క అంకె చూడాలంటే ఇదే చూడండి. మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపుందా అని మాత్రమే చూసి కాగితం మడతపెట్టడం పాత అలవాటు. కింద వరుసగా వచ్చే రేషియోలను వదిలేయండి.

జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఏ అనే కొవ్వు రేణువు పరీక్ష చేయించండి. మామూలు లిపిడ్ ప్యాకేజీలో ఇది ఉండదు, విడిగా అడగాలి. ఇది పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు. 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఒక మెట్టు పైకి లెక్కించి మిగతా అన్నింటినీ గట్టిగా అదుపు చేయాలి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే దీన్ని వాయిదా వేయొద్దు.

నాలుగో పని: ఏ గుండె పరీక్ష, ఎవరికి

ఎక్కువ డబ్బు, ఎక్కువ భయం, ఎక్కువ దొంగ ధీమా అన్నీ ఇక్కడే పుడతాయి.

ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్షను, అంటే టీఎంటీని, ముందు చూద్దాం. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నిజంగా పూడిక ఉన్న 100 మందిలో ఇది 68 మందిని పట్టుకుంటుంది. పూడిక లేని 100 మందిలో 77 మందిని సరిగ్గా లేదంటుంది, 23 మందికి ఉందని తప్పుగా చెబుతుంది. ఈ అంకెలను ఇద్దరు వేర్వేరు మనుషుల మీద పెట్టి చూడండి.

ఏ ముప్పూ లేని, నొప్పీ లేని 35 ఏళ్ల ఆడవాళ్లు వెయ్యి మంది ప్యాకేజీలో భాగంగా టీఎంటీ చేయించుకున్నారు. వీళ్లలో 50 మందికి పూడిక ఉందనుకుందాం, అది కూడా ఎక్కువ చేసి చెప్పడమే. ఆ 50 మందిలో 34 మందికి పాజిటివ్ వస్తుంది. పూడిక లేని 950 మందిలో దాదాపు 218 మందికీ పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన ఏడుగురిలో ఒక్కరికే జబ్బు. మిగతావాళ్లు నిద్రలేకుండా హైదరాబాద్ బస్సెక్కుతారు.

ఇప్పుడు రెండో గుంపు. 58 ఏళ్ల మగవాళ్లు, బీడీలు, షుగర్, చేనుగట్టు ఎక్కితే ఛాతీ పట్టేసి ఆగితే తగ్గే నొప్పి. వెయ్యిలో 500 మందికి పూడిక ఉందనుకుందాం. టీఎంటీ 160 మందిని వదిలేస్తుంది. నెగటివ్ వచ్చిన 545 మందిలో ఈ 160 మందీ ఉంటారు. ఇలాంటి మనిషికి "టీఎంటీ నెగటివ్, గ్యాస్ మాత్ర వేసుకో" అని చెప్పి పంపడం ప్రమాదం.

కాబట్టి ఏ లక్షణమూ, ముప్పూ లేనివాళ్లు టీఎంటీ జోలికి పోవద్దు. ముప్పు మధ్యస్థంగా ఉండి, నొప్పి గుండెదో కాదో తేలని వాళ్లకు అది పనికొస్తుంది. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి ఉన్నవాళ్లు కార్డియాలజిస్టు దగ్గరికి పోవాలి, ఏ పరీక్షో ఆయన తేలుస్తాడు.

టీఎంటీ చేయించేటప్పుడు ఒక్క అంకె తప్పక చూడండి. 220లోంచి మీ వయసు తీసేస్తే వచ్చేదాంట్లో 85 శాతం దాకా గుండె వేగం చేరాలి. 50 ఏళ్లకు అది 145. అది చేరకముందే కాళ్లు నొప్పని దిగిపోతే ఆ పరీక్ష తేలనట్టే, నెగటివ్ అని రాయడం తప్పు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లను ట్రెడ్‌మిల్ ఎక్కించడంలో అర్థం లేదు. వాళ్లకు మందుతో గుండె వేగం పెంచి చేసే స్ట్రెస్ ఎకో అడగండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. వాటిని ముందు రోజు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు.

ఎకో గురించి ఒక్క మాట. ఈఎఫ్ 60 శాతం అని రాస్తే గుండె 40 శాతం పాడైందని ఏడ్చేవాళ్లున్నారు. గుండె ప్రతిసారీ తనలోని రక్తాన్నంతా తోయదు, 55 నుంచి 70 శాతం తోస్తే నార్మలే.

కాల్షియం స్కోర్ అనేది సూది లేని సీటీ స్కాన్. ఏ నొప్పీ లేకుండా, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడే మధ్య ముప్పు మనిషికి ఇది బాగా పనికొస్తుంది. సున్నా వస్తే కొన్నేళ్లు ఆగి చూడొచ్చు. 100 దాటితే మాత్ర మొదలుపెట్టాల్సిందే. కానీ ఇది గట్టిపడిన పూడికనే చూస్తుంది, మెత్తటి కొవ్వు దీనికి కనపడదు. 40 లోపువాళ్లు, పొగతాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు సున్నా చూసి సంబరపడొద్దు. స్టాటిన్ వాడేవాళ్లలో స్కోరు కొంచెం పెరగొచ్చు, అది పూడిక గట్టిపడి కుదురుకోవడం వల్ల. మాత్ర వాడుతూ ప్రతి ఏడాదీ ఈ స్కాన్ చేయించడం దండగ.

గుండె రక్తనాళాలను సీటీ స్కాన్‌తో చూసే సీటీ యాంజియో నార్మల్ వస్తే నమ్మొచ్చు, పెద్ద పూడికను అది వదలడం చాలా అరుదు. గుండె వేగం 65 లోపు ఉంటేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది, అందుకే ముందు మాత్ర ఇస్తారు. రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే చెప్పాలి. కాల్షియం బాగా పేరుకున్న నాళాల్లో ఇది పూడికను ఎక్కువ చేసి చూపిస్తుంది.

చివరగా చేతి నరం నుంచి సన్నటి గొట్టం పంపి చేసే యాంజియో. "70 శాతం బ్లాక్" అనేది చాలాసార్లు కంటి అంచనానే. గుండెపోటు సమయంలో స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే, కుదురుగా ఉన్న నొప్పిలో సంగతి వేరు. 2007లో వచ్చిన కరేజ్, 2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనాల్లో మంచి మందులతో పోలిస్తే స్టెంట్ మరణాలను తగ్గించలేదు, నొప్పిని తగ్గించింది. ఎడమ ప్రధాన నాళంలో పూడిక, గుండె బలహీనంగా ఉండడం వీటికి మినహాయింపు. బల్ల మీదే సంతకం అడిగితే మూడు ప్రశ్నలు వేయండి: ఏ నాళం, ఎంత శాతం, ఎఫ్‌ఎఫ్‌ఆర్ (పూడిక దాటి రక్తం ఎంత పోతోందో చెప్పే అంకె) కొలిచారా? అది 0.80 కంటే ఎక్కువుంటే ఆ పూడిక రక్తాన్ని పెద్దగా ఆపడం లేదు. యాంజియో సీడీ అడిగి తీసుకోండి, రెండో డాక్టరుకు కాగితం కంటే అదే ముఖ్యం. స్టెంట్, బైపాస్ రెండూ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు.

నొప్పి ఇప్పుడే వస్తుంటే

పైదంతా పక్కన పెట్టండి. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం 15 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా వాంతి, నీరసం, ఆయాసమే ఉండొచ్చు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో రక్తస్రావం అయినవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. ఊర్లో గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుని రాత్రంతా చూడటం వల్ల పోయేది గుండె కండరం. రక్తనాళాలను వదులు చేసే సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టడం బీపీ ఎంతో తెలియకుండా చేయొద్దు.

మొదటి ఈసీజీ నార్మల్ రావచ్చు. నొప్పి ఉంటే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. నొప్పి ఎన్నింటికి మొదలైందో గడియారం టైముతో చెప్పండి. నొప్పి మొదలైన గంటకే ట్రోపోనిన్ నెగటివ్ వస్తే దానికి విలువ లేదు. మంచి మిషన్‌లో అయితే మూడు గంటలకు, చిన్న ఆస్పత్రుల కార్డు టెస్టయితే ఆరు గంటలకు రెండోసారి చేయాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ట్రోపోనిన్ ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది, అది పెరుగుతోందా అన్నదే చూడాలి.

ఈసీజీలో గుండెపోటు తేలితే దూరం లెక్క వస్తుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు. రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోటికి చేరలేమంటే నాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లోనే వేయించి బయల్దేరాలి. "ఇక్కడే ఇంజెక్షన్ ఇస్తారా?" అని మీరే అడగండి.

మాత్ర మొదలయ్యాక

అటోర్వాస్టాటిన్ 40, 80, లేదా రోసువాస్టాటిన్ 20, 40 ఎల్‌డీఎల్‌ను సగం పైనే తగ్గిస్తాయి. డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది 6 శాతమే. అందుకే లక్ష్యం అందకపోతే ఎజెటిమైబ్ 10 కలుపుతారు, దానితో ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష ఒకసారి, 4 నుంచి 12 వారాలకు లిపిడ్ ఇంకోసారి. రిపోర్టు నార్మల్ వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. ఆపితే కొన్ని వారాల్లో పాత అంకె తిరిగి వస్తుంది. కండరాల నొప్పి వస్తే సొంతంగా ఆపకుండా, కండరాలు దెబ్బతిన్నాయో లేదో చెప్పే సీకే రక్తపరీక్ష చేయించి డాక్టరును కలవండి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం వెంటనే ఆపి ఆస్పత్రికి పోవాలి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు ముందే చెప్పాలి.

పంపర పనస అటోర్వాస్టాటిన్‌తో పడదు. మన నల్లగొండ బత్తాయికి ఆ ఇబ్బంది లేదు. రసం తీసి చక్కెర కలిపి తాగితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, కాయ ఒలుచుకుని తినండి. నూనె మనిషికి నెలకు అరలీటరు, నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. డబ్బా ఎప్పుడు తెచ్చారో దాని మీదే తారీఖు రాస్తే లెక్క తేలుతుంది. జొన్న రొట్టె మంచిదే, దాని పక్కన తలకాయ కూర వారానికి మూడుసార్లయితే రొట్టె ఏం చేస్తుంది?

ఇక కాగితాలు. ఈసీజీ పేపరు వేడితో అచ్చయ్యేది, రెండేళ్లలో వెలిసిపోతుంది. తీసిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి ఒక జిరాక్స్ పెట్టుకోండి. దాని మీద మీ పేరు, తారీఖు, టైమ్ ఉన్నాయో చూడండి. మిషన్ దానంతటదే అచ్చువేసే "పాత గుండెపోటు" లాంటి మాటలు చాలాసార్లు ఛాతీ మీద బిళ్లలు ఒక పక్కటెముక పైకి అంటించడం వల్ల వస్తాయి. బిళ్లలు సరిచేసి ఇంకోసారి తీయమనండి. నొప్పి లేనప్పుడు తీసిన మంచి ఈసీజీ ఒకటి ఫోన్‌లో ఉంటే, అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కొత్తదాన్ని దాని పక్కన పెట్టి ఏం మారిందో వెంటనే చూడగలుగుతాడు.